విసరిన రాయి ఎక్కడ పడును?

మామిడి కాపునకు వచ్చిన దినములలో పుంగనూరు ప్రాంతపు తోటల ప్రక్కగా నడచువారికి ఒక దృశ్యము తరచుగా కంటబడును. పదియేండ్ల బాలుడొకడు చేత రాయి పట్టుకొని, కొమ్మ చివర వ్రేలాడు కాయ వంక ఒక్క క్షణము చూచి, విసరును. వాడు రాయిని తిన్నగా కాయ మీదికి విసరడు. కాయకంటె కొంచెము ఎత్తుగా విసరును. ఎంత ఎత్తుగా విసరవలెనో వాని చేతికి తెలియును. రాయి పైకెగసి, వంగి, దిగుచు వచ్చి కాయను తాకును. తోట కావలివాని కేక వినబడునప్పటికి బాలుడు కంచె దాటి యుండును.

ఆరేండ్లు గడచును. ఆ బాలుడే ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరమున చేరి, భౌతికశాస్త్ర పుస్తకములో సమతలమున చలనమును గూర్చిన పాఠము తెరచును. విసరిన వస్తువునకు అచ్చట ‘ప్రక్షేపకము’ అని పేరు. అది పోవు త్రోవకు ‘పరావలయము’ అని పేరు. అది పోయి పడు దూరమునకు ‘వ్యాప్తి’ అని పేరు. ఆ పేర్ల వెనుక సైన్, కాస్ లతో కూడిన సూత్రములు బారులు తీరి నిలిచియుండును. బాలుడు వానిని వల్లె వేయును. పరీక్షలో ప్రశ్న పుస్తకములో నున్నట్లే వచ్చినచో గట్టెక్కును. ఒక్క మాట మారి వచ్చినచో చేతులెత్తును. అటుపిమ్మట “లెక్కలు నాకు రావు” అని తీర్మానించుకొని, తాను చదువదలచిన చదువునే మానుకొనిన పిల్లలను మేము పలువురిని చూచినాము. ఒక పాఠము రాకపోవుట చిన్న విషయము. ఇది నాకు ఎన్నటికిని రాదను నమ్మకము పదునారవ యేట స్థిరపడుట చిన్న విషయము కాదు. పదియేండ్లకే చేతికి వచ్చిన విద్య పదునారేండ్లకు కాగితము మీద రాకపోవుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు మాకు తోచిన సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

1915లో అనీబెసెంట్ పూనికతో మదనపల్లెలో కళాశాల వెలసిన నాటినుండి రాయలసీమ పడమటి అంచుననున్న ఈ ప్రాంతమునకు చదువులతో సంబంధము కలదు. కావున మేము చెప్పబోవు మూడు లెక్కలను మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు ఊళ్ళనుండియే ఏరుకొన్నాము. ఊళ్ళు నిజమైనవి, లెక్కలలోని అంకెలు మాత్రము సులువుకొరకు మేము కూర్చుకొన్నవి. రేడియోలో విన్న అంకెలు చెవినుండి జారిపోవును; అచ్చులో నున్నవి నిలుచును. చదువరులు కాగితమును పెన్సిలును దగ్గర నుంచుకొని, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివినచో మాకు సంతోషము.

మొదట చెవితో చేయదగిన ప్రయోగ మొకటి. రెండు రూపాయి బిళ్ళలు, ఒక అడుగుబద్ద కావలెను. బద్దను బల్ల అంచున ఏటవాలుగా, ఒక కొస బయటికి పొడుచుకొని వచ్చునట్లు ఉంచవలెను. బయటి కొస మీద ఒక బిళ్ళను పెట్టవలెను. రెండవ బిళ్ళను బల్ల మీదనే, అంచునకు దగ్గరగా, బద్దకు తాకించి పెట్టవలెను. బల్ల మీది కొసను వ్రేలితో అదిమిపట్టి, బద్ద తిరిగి ఈ రెండవ బిళ్ళను బయటికి నెట్టునట్లుగా, రెండవ చేతితో బద్దను చటుక్కున కొట్టవలెను. రెండవ బిళ్ళ దూరముగా ఎగిరిపోవును. మొదటి బిళ్ళ తన క్రింది ఆధారము తొలగిపోగా ఉన్నచోటనే తిన్నగా క్రింద పడును. ఇప్పుడు కన్నులు మూసికొని వినవలెను. రెండు బిళ్ళలు నేలను తాకిన చప్పుడు రెండుగా వినబడునా, ఒకటిగా వినబడునా?

చేయకముందే చెప్పుమన్నచో పెద్దలలో సగముమంది “దూరము పోవు బిళ్ళకు ఎక్కువ సేపు పట్టును” అందురు. బద్దను సరిగా కొట్టినచో చప్పుడు ఒక్కటే వినబడును. బల్ల ఎత్తు 80 సెంటీమీటర్లయినచో రెండు బిళ్ళలకును పట్టు కాలము రమారమి సెకండులో పదింట నాలుగు వంతులు. రెండవ బిళ్ళను ఇంకను గట్టిగా కొట్టి చూడవచ్చును. అది మరింత దూరము పోవును. చప్పుడు మాత్రము ఒక్కటిగానే యుండును. దూరముగా పోవుటకును క్రిందికి పడుటకును సంబంధము లేదని ఆ ఒక్క చప్పుడే సాక్ష్యమిచ్చుచున్నది.

ఈ సాక్ష్యము లోకమునకు సులభముగా దొరకలేదు. ఫిరంగులు వాడుకలోనికి వచ్చిన పిమ్మట సైతము చిరకాలము వరకు, గుండు మొదట తిన్నగా పోయి, బలము తీరిన వెనుక క్రింద పడునని పండితులు తలచుచుండిరి. 1537లో ఇటలీ దేశస్థుడగు టార్టాగ్లియా, సమతలమైన నేలమీద గుండు మిక్కిలి దూరము పోవలెనన్నచో ఫిరంగిని 45 డిగ్రీల వాలున ఉంచవలెనని వ్రాసెను. కాని గుండు పోవు త్రోవ ఎట్టిదో తేల్చలేకపోయెను. 1608 ప్రాంతమున గెలీలియో వాలుబల్ల మీద గుండ్లను దొరలించి, అవి బల్ల అంచునుండి ఎగిరి నేలపై ఎంత దూరమున పడుచున్నవో కొలిచి చూచెను. 1638లో ప్రకటించిన తన తుది గ్రంథమున ఆయన, విసరిన వస్తువుయొక్క చలనము ఒకటి కాదనియు, రెండు చలనములు కలిసినదనియు, అందుచేతనే దాని త్రోవ పరావలయ మగుచున్నదనియు నిరూపించెను. మన బల్ల మీది రూపాయి బిళ్ళలు ఆయన గుండ్లకు చుట్టములే.

ఈ రెండు చలనములకు మనము ‘అడ్డపు నడక’, ‘నిలువు నడక’ అని పేర్లు పెట్టుకొందము. చేయి విడిచిన పిమ్మట రాయిని అడ్డముగా నెట్టునది గాని, లాగునది గాని ఏదియు లేదు. కావున అడ్డపు నడక వేగము ఆద్యంతము మారదు: దూరము అనగా వేగమును కాలముతో హెచ్చించినది, అంతియే. నిలువుగా మాత్రము భూమి లాగుచునే యుండును. ప్రతి సెకండునకు పైకి పోవు వేగములో 9.8 మీటర్లు తరిగిపోవును. దిగునపుడు అంతే పెరుగును. నోటిలెక్కకు సులువుగా నుండుటకై మనమిచట దానిని 10 అనుకొందము. వచ్చు తేడా నూటికి రెండు పాళ్ళకు మించదు. అప్పుడు నిలువు నడకకు సూత్రమిది: బయలుదేరిన చోటినుండి ఎత్తు అనగా, తొలి నిలువు వేగమును కాలముతో హెచ్చించి, అందుండి కాలముయొక్క వర్గమునకు 5 రెట్లు తీసివేసినది.

ఇక పద్ధతి. కాగితము నడుమ ఒక నిలువు గీత గీయవలెను. ఎడమ ప్రక్క ‘అడ్డము’ అనియు, కుడి ప్రక్క ‘నిలువు’ అనియు వ్రాయవలెను. ప్రశ్నలో నిచ్చిన ప్రతి అంకెయు ఏ ప్రక్కకు చెందునో చూచి ఆ ప్రక్కనే చేర్చవలెను. వేగము వాలుగా నున్నచో లంబకోణ త్రిభుజము గీసి దానిని రెండు ముక్కలు చేయవలెను. కోణమును ఆనుకొని యుండు అడ్డపు భుజమునకు కాస్, కోణమున కెదురుగా నుండు నిలువు భుజమునకు సైన్. గీతకు ఈవలి అంకె ఆవలికి పోరాదు. ఆస్తి పంచుకొని వేరుపడిన అన్నదమ్ముల ఇండ్ల నడుమ ఉమ్మడి బావి ఒకటి మిగులును గదా! ఈ రెండు నడకలకు ఉమ్మడిగా మిగులునది కాలము ఒక్కటే. ఒక ప్రక్కనుండి కాలమును తోడుకొని రెండవ ప్రక్కకు పోవుటయే లెక్క చేయుట యనగా. మేము చెప్పదలచినదంతయు ఈ ఒక్క మాటలో నున్నది. ఇప్పుడు మూడు ఊళ్ళకు పోయి దీనిని పరీక్షించి చూతము.

మొదటిది మదనపల్లె. ఒక పాత వీధిలో 5 మీటర్ల ఎత్తుగల మిద్దె. మిద్దెపైన పిట్టగోడ లేదు. పిల్లవాడు తన్నిన బంతి మిద్దె మీద దొరలి, సెకండుకు 4 మీటర్ల వేగముతో అంచు దాటినది. క్రింద 3 మీటర్ల వెడల్పుగల సందు. దానికి ఆవల పొరుగువారి వాకిలి. బంతి సందులో పడునా, పొరుగువారి వాకిట పడునా?

అడ్డము ప్రక్కన వ్రాయవలసినది 4 అను వేగము. నిలువు ప్రక్కన తొలి వేగము సున్న. ఏలన, బంతి అంచును దాటునపుడు పైకి గాని క్రిందికి గాని పోవుట లేదు. దిగవలసినది 5 మీటర్లు. కాలవర్గమునకు 5 రెట్లు 5 కావలెనన్నచో కాలము 1 సెకండు. ఉమ్మడి బావినుండి ఈ ఒక్క సెకండును తీసికొని అడ్డము ప్రక్కకు పోయినచో, 4ను 1తో హెచ్చింపగా 4 మీటర్లు. సందు 3 మీటర్లే. బంతి పొరుగువారి వాకిటనే పడును. పిల్లవాడు పోయి బ్రతిమాలుకొనవలసినదే.

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. ‘4’ అను అంకెను నిలువు ప్రక్కన వ్రాయుటయే ఈ లెక్కలో సాధారణముగా జరుగు తప్పు. తొలి వేగము 4 గదా యని విద్యార్థి దానిని పడుటలో కలిపివేయును. నడుమ గీసిన గీత ఆ తప్పును జరుగనీయదు. బంతి నేలను తాకునపుడు ఎంత వేగముతో తాకునని అడిగినచో, నిలువు వేగము 10, అడ్డపు వేగము 4. రెండింటి వర్గములను కూడి వర్గమూలము తీయగా రమారమి సెకండుకు 10.8 మీటర్లు వచ్చును. 10ని 4ను కూడి 14 అనుట తగదు. త్రిభుజములో వాలు భుజము మిగిలిన రెండు భుజముల మొత్తముకంటె ఎన్నడును చిన్నదే.

రెండవది పుంగనూరు. ఈ సీమలో చేల నడుమ రాతిగుట్టలు తలలెత్తి నిలిచి యుండును. వెనుకటి తరములవారు పైరు మీద వ్రాలు పిట్టలను తోలుటకు వడిసెల వాడెడివారు. వడిసెలను త్రిప్పి విడిచిన రాయి సెకండుకు 20 మీటర్ల వేగముతో, నేలకు 30 డిగ్రీల వాలున బయలుదేరిన దనుకొందము. మొదట సమతలమైన చేను. రాయి విడిచిన మట్టమునకే తిరిగి వచ్చి పడునని తలపవలెను. అడ్డపు వేగము 20ని కాస్ 30తో హెచ్చింపగా 17.3. నిలువు వేగము 20లో సగము, అనగా 10. పైకి పోవు 10 తరిగి సున్న యగుటకు 1 సెకండు, దిగుటకు మరియొక సెకండు. మొత్తము 2 సెకండ్లు. ఎక్కిన ఎత్తు 5 మీటర్లు. దూరము 17.3ను 2తో హెచ్చింపగా 34.6 మీటర్లు.

అదే రాయిని 60 డిగ్రీల వాలున విడిచినచో అడ్డపు వేగము 10, నిలువు వేగము 17.3 అగును. గాలిలో నుండు కాలము 3.46 సెకండ్లు. దూరము మరల 34.6 మీటర్లే! ఒక రాయి పల్లముగా, త్వరగా పోయినది. వేరొకటి ఎత్తుగా, తీరికగా పోయినది. రెండును ఒక్కచోటనే పడినవి. 45 డిగ్రీలయినచో దూరము 40 మీటర్లు. సమతలమున ఇంతకు మించి పోదు. టార్టాగ్లియా చెప్పినది ఇదియే. ఈ ఫలితములన్నిటిని ఒక్క సూత్రములో ఇమిడ్చి పుస్తకములవారు ఇత్తురు: వేగవర్గమును, రెండింతలైన కోణముయొక్క సైన్ తో హెచ్చించి, 9.8తో భాగింపవలెనని. విద్యార్థులు కంఠస్థము చేయునది దీనినే.

ఇప్పుడు వడిసెల వాడు చేని ప్రక్కనున్న గుట్ట ఎక్కి, 15 మీటర్ల ఎత్తున నిలిచినాడు. అదే వేగము, అదే 30 డిగ్రీల వాలు. రాయి క్రిందనున్న చేనిలో ఎంత దూరమున పడును? మేమును విద్యార్థులముగా నున్న దినములలో ఇట్టి ప్రశ్నకే కంఠస్థమైన సూత్రమును ప్రయోగించి, సమతలమునకు చెందిన దూరమునే వ్రాసి, మార్కులు పోగొట్టుకొన్నవారమే. సూత్రము తప్పు కాదు. అది సమతలమునకు పుట్టిన సూత్రము. గుట్ట ఎక్కినవానికి అది చెల్లదు. గుట్టలకు కొరతలేని ఈ సీమలో చెల్లని చోట్లే ఎక్కువ!

గీత గీసికొన్నవానికి భయము లేదు. అడ్డము ప్రక్కన 17.3, నిలువు ప్రక్కన 10. రాయి బయలుదేరిన చోటికంటె 15 మీటర్లు క్రిందికి పోవలెను గనుక ఎత్తు ‘ఋణము 15’. ‘కాలమునకు 10 రెట్లు, అందుండి కాలవర్గమునకు 5 రెట్లు తీసివేయగా ఋణము 15’ అని వ్రాసి, అన్నిటిని 5తో భాగించి, ఒక ప్రక్కకు చేర్చినచో కాలవర్గము, తక్కువ కాలమునకు 2 రెట్లు, తక్కువ 3, సమానము సున్న. దీనికి రెండు సమాధానములు: కాలము 3 అయినను సరిపోవును, ఋణము 1 అయినను సరిపోవును. రాయి గాలిలో నుండునది 3 సెకండ్లు. 17.3ను 3తో హెచ్చింపగా దూరము రమారమి 52 మీటర్లు. సమతల సూత్రము చెప్పిన 34.6 ఎక్కడ, ఈ 52 ఎక్కడ!

ఋణము 1 అను రెండవ సమాధానమును పిల్లలు అర్థము లేనిదని కొట్టివేయుదురు. దానికిని అర్థమున్నది. ఇదే త్రోవలో ఎగురుచున్న రాయిని వెనుకకు నడపి చూచినచో, అది గుట్ట మీది మనిషి చేతి యొద్దకు వచ్చుటకు 1 సెకండు ముందు నేలమట్టమున నుండవలసి యుండెను. గణితమునకు గుట్ట యొక్క సంగతి తెలియదు; మనము త్రోవను మాత్రమే చెప్పినాము, అది త్రోవ రెండు కొసలను చూపినది. ఏ కొస మనకు కావలెనో ఎంచుకొనుట మన పని.

ఇంకొక వింత కూడ ఉన్నది. గుట్ట మీదినుండి 45 డిగ్రీల వాలున విసరినచో దూరము ఎక్కువ యగునా? రెండు వేగములును 14.1 చొప్పున వచ్చును, కాలము 3.65 సెకండ్లు, దూరము 51.6 మీటర్లు. 30 డిగ్రీలకు వచ్చిన దానికంటె ఇది కొంచెము తక్కువయే! ఈ ఎత్తునుండి ఈ వేగముతో మిక్కిలి దూరము పోవు వాలు రమారమి 37 డిగ్రీలు. అప్పుడు దూరము 53 మీటర్లకు చేరువ యగును. ఎత్తునుండి విసరువానికి పడుటకు వలసిన కాలము గుట్టయే కొంత ఇచ్చుచున్నది. కనుక వాడు తన బలములో ఎక్కువ పాలు అడ్డపు నడకకు వెచ్చింపవచ్చును. 45 డిగ్రీలే గొప్ప యని కంఠస్థము చేసినవానికి ఈ సంగతి దొరకదు.

మూడవది కుప్పము. బెంగుళూరునుండి జోలార్‌పేటకు పోవు రైలుమార్గము కుప్పము మీదుగా పోవును. ఆ స్టేషనులో నిలువక, గంటకు 72 కిలోమీటర్ల వేగముతో, మారని నడకతో తిన్నగా పోవుచున్న బండిని ఊహింతము. లోపల కూర్చున్న బాలిక యొకతె బంతిని సెకండుకు 5 మీటర్ల వేగముతో నిట్టనిలువుగా పైకి వేసినది. బంతి ఆమె చేతిలోనే పడునా, బండి ముందుకు పోవుటచేత వెనుక కూర్చున్నవారి ఒడిలో పడునా?

గంటకు 72 కిలోమీటర్లనగా సెకండుకు 20 మీటర్లు. బంతి చేతిలో నున్నపుడే బండితోపాటు ఆ 20 మీటర్ల వేగము దానికిని కలదు. చేయి విడిచినంత మాత్రమున అది పోదు, ఏలన దానిని అడ్డముగా ఆపునది ఏదియు లేదు. పెట్టెలోని గాలి కూడ బండితోపాటే పోవుచున్నది. నిలువు నడకలో సగము సెకండు పైకి, సగము సెకండు క్రిందికి, మొత్తము ఒక సెకండు; ఎక్కిన ఎత్తు 1.25 మీటర్లు. ఆ ఒక్క సెకండులో బండి 20 మీటర్లు పోయినది, బాలిక 20 మీటర్లు పోయినది, బంతియు 20 మీటర్లు పోయినది. కావున బంతి ఆమె చేతిలోనే పడును. బాలిక దృష్టికి బంతి తిన్నగా పైకి పోయి తిన్నగా దిగినది. ప్లాటుఫారము మీద నిలిచి కిటికీలోనుండి చూచిన పోర్టరు దృష్టికి అదే బంతి 20 మీటర్ల వెడల్పు, 1.25 మీటర్ల ఎత్తుగల పరావలయమును గీసినది. ఇద్దరి మాటయు నిజమే. ఇద్దరికిని నిలువు నడక ఒక్కటే. అడ్డపు నడకలోనే తేడా. రెండు నడకలు ఒకదాని నొకటి ఎరుగవని రూపాయి బిళ్ళలు చెప్పిన మాటనే కుప్పము బండియు చెప్పుచున్నది.

మూడు లెక్కలును అయినవి. మూడింటికిని వేరువేరు సూత్రములు వాడలేదని చదువరులు గమనించియుందురు. ఇక పిల్లలు తరచుగా జారిపడు చోట్లను రెండు మూడింటిని చూపెదము. ఇంటనున్న పెద్దలు శాస్త్రము చదువకపోయినను ఈ ప్రశ్నలు అడుగవచ్చును.

“రాయి మిక్కిలి ఎత్తున నున్నపుడు దాని వేగమెంత?” అని అడుగవలెను. సున్న యని సమాధానము వచ్చినచో గీత చెరిగిపోయినదని తెలిసికొనవలెను. అచ్చట సున్న యగునది నిలువు వేగము మాత్రమే. అడ్డపు వేగము మొదట నెంతయో అంతే యుండును. వడిసెల రాయి నడినెత్తిన నున్నపుడు సైతము సెకండుకు 17.3 మీటర్లు పరుగిడుచునే యున్నది. “అచ్చట భూమి లాగుట ఆగినదా?” అని రెండవ ప్రశ్న వేయవలెను. ఆగలేదు, ఆగియున్నచో రాయి వంగి దిగకుండ తిన్నగా సాగిపోయెడిది. మూడవది, పైకి పోవుదానికి ధనము, క్రిందికి పోవుదానికి ఋణము అని మొదటనే నిర్ణయించుకొని, లెక్క ముగియువరకు ఆ మాట తప్పకుండుట. గుట్ట లెక్కలో 15కు ముందు ఋణచిహ్నము మరచినచో కాలము దొరకనే దొరకదు. తుదకు, వచ్చిన సమాధానము లోకమునకు సరిపడునా యని చూచుకొనుట. గుట్ట ఎక్కి విసరిన రాయి చేనిలో నిలిచి విసరినదానికంటె తక్కువ దూరము పోయినదని లెక్క తేలినచో, తప్పు లెక్కలోనే యున్నది.

ఈ లెక్కలన్నిటిలో మనము గాలిని లేనట్లు భావించినాము. రాతికి, కొద్ది దూరములకు ఇది పెద్ద లోపము కాదు. కాని కళ్ళములో తూర్పారబట్టువారిని అడిగినచో గాలి శక్తి యెట్టిదో చెప్పుదురు. ఒకే చేటనుండి జారిన గింజ దాదాపు తిన్నగా కాళ్ళ యొద్ద పడును. పొట్టు గాలివాలున దూరముగా కొట్టుకొనిపోవును. గింజ మన లెక్కకు లోబడును, పొట్టు లోబడదు. తేలికయై, వెడల్పయిన వస్తువునకు గాని, మిక్కిలి వేగముగా పోవు వస్తువునకు గాని గాలిని లెక్కలో చేర్చక తప్పదు. అప్పుడు అడ్డపు వేగము కూడ క్రమముగా తరుగును. త్రోవ అచ్చమైన పరావలయము కాదు.

మన రాష్ట్రమున శ్రీహరికోటనుండి మొదటి పరిశోధక రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరినది. రాకెట్టులో ఇంధనము మండుచున్నంత సేపు దానిని నెట్టు బలమున్నది గనుక అది ప్రక్షేపకము కాదు. ఇంధనము తీరిన పిమ్మట అదియు విసరిన రాయి వంటిదే. దాని లెక్కలో గాలి నిరోధమును, ఎత్తుతో తగ్గు భూమి ఆకర్షణను, భూమి గుండ్రదనమును కూడ చేర్చవలసి యుండును. ఆ లెక్కలు మిక్కిలి పెద్దవి. ఐనను చలనమును దిక్కుల వారీగా విడదీసి, కాలముతో ముడివేయుట వానికిని పునాదియే. రూపాయి బిళ్ళలతో నేర్చినది అచ్చటను వృథా పోదు.

ఇంటి యొద్ద చేసికొనుట కొక లెక్క ఇచ్చి ముగింతుము. మదనపల్లెకు సమీపమున నున్న హార్సిలీ కొండలలో ఒకచోట 45 మీటర్ల నిట్టనిలువు కొండచరియ యున్నదనుకొందము. దాని అంచునుండి ఒక రాయి సెకండుకు 10 మీటర్ల వేగముతో అడ్డముగా బయలుదేరినది. ఎంత సేపటికి, ఎంత దూరమున పడును? 3 సెకండ్లు, 30 మీటర్లు అని సమాధానము రావలెను. దీనిని కాగితము మీదనే చేయవలెను గాని కొండ ఎక్కి చేయరాదు. క్రింద మేకలు కాచువారుందురు.

మామిడితోట బాలుని చేయి ఏ లెక్కయు చేయలేదు. పడుచు పడుచు, తప్పుచు తప్పుచు రాయి త్రోవను నేర్చుకొన్నది. వాడు కాయకంటె ఎత్తుగా గురిపెట్టినది, రాయి కాయను చేరులోపల ఎంత దిగిపోవునో అంత ముందుగానే ఎత్తుటకే. అనగా అడ్డపు నడకకు పట్టు కాలములో నిలువు నడక ఎంత దింపునో వాని చేయి అంచనా వేసినది. కాగితము నడుమ గీయు గీత ఆ చేతి విద్యకు అక్షరరూపము. ఆ సంగతి ఎవరైన దగ్గర కూర్చుండి ఒకమారు చెప్పినచో, “లెక్కలు నాకు రావు” అను మాట ఆ యింట మరల వినబడకపోవచ్చును.